మొదటి పిస్టల్‌కి పది రోజులు ఆగాను, రెండోదానికి కూడా ఎందుకు ఆగాలి?

శీను_ఫ్రీమాంట్
మా వీధిలో రెండిళ్లలో దొంగలు పడ్డారు. రెండూ మనవాళ్ల ఇళ్లే. టీవీ ముట్టుకోలేదు, లాప్‌టాప్ ముట్టుకోలేదు. బంగారం మాత్రం ఊడ్చుకుపోయారు. ఆ భయంతో పరీక్ష రాసి, సేఫ్టీ సర్టిఫికెట్ తీసుకుని ఒక పిస్టల్ కొన్నాను. శనివారం సాయంత్రం 5:40కి కాగితాలు పూర్తయ్యాయి. కాలిఫోర్నియా కదా, కోపంలో కొన్నవాళ్లు చల్లారాలని పది రోజులు ఆగమన్నారు, ఆగాను. మంగళవారం 5:30కి వెళ్తే కౌంటర్ అబ్బాయి గడియారం చూసి "ఇంకా పది నిమిషాలుంది సార్" అన్నాడు. పెట్టె నా ఎదురుగా అద్దాల బల్ల మీదే ఉంది, నేను బెంచీ మీద కూర్చుని దాన్ని చూస్తున్నాను. 5:40 అయ్యాక డమ్మీ గుండుతో లోడ్ చేసి చూపించమని, అప్పుడు ఇచ్చాడు.

రెండు రోజులాగి మా ఆవిడకి ఒకటి కొందామని అదే షాపుకి వెళ్లాను. "నెలకి ఒకటే. ముప్ఫై రోజులయ్యాక రండి, ఆపైన మళ్లీ పది రోజులు" అన్నాడు. అంటే నలభై రోజులు! ఇంట్లో ఆల్రెడీ ఒకటి ఉన్నవాడికి రెండోదాని మీద కోపం చల్లారే గడువేంటండీ? నాకు కోపమొస్తే ఉన్నదానితో కాల్చలేనా?

డల్లాస్_రాజు
బ్రో, టెక్సాస్ వచ్చెయ్. నేను పొద్దున కొని మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉన్నాను.

లెక్కల_మాస్టారు
శీను గారూ, రెండు వేర్వేరు నిబంధనల్ని కలిపి కూడేశారు. పది రోజులనేది కొనడానికీ చేతికి రావడానికీ మధ్య గడువు. ముప్ఫై రోజులనేది ఒక దరఖాస్తుకీ ఇంకో దరఖాస్తుకీ మధ్య గడువు. మొదటిది రోజులు కూడా కాదు, పదిసార్లు నిండా ఇరవైనాలుగు గంటలు. అందుకే మిమ్మల్ని పది నిమిషాలు కూర్చోబెట్టారు. అందులో షాపువాడి తప్పు లేదు.

పోతే, ఆ నెలకొకటి నిబంధన 2000 జనవరి నుంచి ఉండేది. ఫెడరల్ జిల్లా కోర్టు 2024లో దాన్ని కొట్టేసింది. 2025 జూన్‌లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టులో ముగ్గురు జడ్జీలూ ఒకే మాటగా ఆ తీర్పునే ఖాయం చేశారు. దాని బదులు నెలకి మూడుకు మించకూడదని శాసనసభ కొత్త చట్టం తెచ్చింది, 2025 అక్టోబరులో గవర్నర్ న్యూసమ్ సంతకం పెట్టారు. మీ షాపులో పాత బోర్డు ఇంకా తీయలేదేమో.

ఇంకొకటి. పాత లెక్కనే చూసినా నలభై రావు. ముప్ఫై రోజులు మొదలయ్యేది తుపాకీ చేతికొచ్చిన రోజు నుంచి కాదు, దరఖాస్తు పెట్టిన రోజు నుంచి. మీరు పన్నెండో రోజున వెళ్లారు. మిగిలినవి 18, ఆపైన 10. మొత్తం 28.

శీను_ఫ్రీమాంట్
28 అయితే ఏంటి, 40 అయితే ఏంటి మాస్టారూ. ఎందుకు ఆగాలన్నదే నా ప్రశ్న.

నిశ్శబ్దం
ఆవిడ వీసా ఏంటి?

రిచ్‌మండ్_రవి
వర్జీనియాలో ఇది తిరగబడి ఉంటుంది. నేను కొన్నప్పుడు అదే రోజు చేతికిచ్చారు, ఆగడం లేదు. కానీ రెండో హ్యాండ్‌గన్‌కి మాత్రం ముప్ఫై రోజులు. 1993లో పెట్టారు, 2012లో తీసేశారు, 2020 జులైలో మళ్లీ పెట్టారు. కన్సీల్డ్ పర్మిట్, అంటే తుపాకీ దాచి వెంట పెట్టుకునే అనుమతి ఉన్నవాళ్లకి ఇది వర్తించదు. ఇది కోపం చల్లార్చడానికి పెట్టింది కాదు. ఒకడు ఇక్కడ డజను కొని 95 హైవే మీద న్యూయార్క్ తీసుకెళ్లి అమ్ముకునేవాడు, వాడికోసం పెట్టింది.

మాధవి_ఎడిసన్
శీను గారూ, ఎందుకు ఆగాలో నేను చెప్తాను. 2017లో హార్వర్డ్ బిజినెస్ స్కూల్ పరిశోధకులు లెక్క తీశారు. ఆగే గడువు ఉన్నచోట తుపాకీ హత్యలు సుమారు 17 శాతం తగ్గాయి. 1999లో మీ కాలిఫోర్నియా కొనుగోలుదారుల మీదే ఇంకో అధ్యయనం వచ్చింది. హ్యాండ్‌గన్ కొన్న మొదటి వారంలో తుపాకీతో ఆత్మహత్య చేసుకునే రేటు మామూలు జనంతో పోలిస్తే 57 రెట్లు. అప్పట్లో మీ దగ్గర గడువు పదిహేను రోజులు. అంత ఆగి కూడా!

శీను_ఫ్రీమాంట్
మేడమ్, మీరే చెప్పారు, "అంత ఆగి కూడా" అని. అంటే ఆగడం పని చెయ్యలేదనే కదా? పైగా 2020లో స్టాన్‌ఫర్డ్ వాళ్ల పెద్ద అధ్యయనం నేనూ చదివాను. అదీ కాలిఫోర్నియాదే. రిస్క్ ఎక్కువున్నది *మొదటి* తుపాకీ కొన్న వెంటనే. మళ్లీ ఆ ఆత్మహత్యల్లో సగానికి పైగా కొన్న ఏడాది దాటాకే జరిగాయి. నాది రెండోది. నన్ను ఏ లెక్కలో కలుపుతున్నారు?

డల్లాస్_రాజు
చప్పట్లు.

లెక్కల_మాస్టారు
ఈ వాదన కోర్టుకి ఎప్పుడో వెళ్లింది శీను గారూ. సిల్వెస్టర్ కేసు. ఇప్పటికే తుపాకీ ఉన్నవాడు, బ్యాక్‌గ్రౌండ్ చెక్ (నేరచరిత్ర తనిఖీ) పాసయ్యాక కూడా పది రోజులు ఎందుకు ఆగాలని అడిగారు. 2014లో కింది కోర్టు మీ పక్షానే చెప్పింది. 2016లో అప్పీలు కోర్టు తిరగేసింది. ఉన్నదానికంటే పెద్దదో, దాచుకోవడానికి వీలైనదో కావాలని కూడా రెండోది కొనొచ్చు కదా అంది. 2018లో సుప్రీంకోర్టు వినడానికే ఒప్పుకోలేదు. జస్టిస్ థామస్ ఒక్కరే అది తప్పని గట్టిగా రాశారు. కాబట్టి పది రోజులు ఆగాల్సిందే. 28 మాత్రం కరెక్టు.

శీను_ఫ్రీమాంట్
మాస్టారూ, ఆ 28 వదిలెయ్యండి ప్లీజ్.

కడప_కుర్రోడు
మా తాతకి లైసెన్స్ ఉన్న డబుల్ బ్యారెల్ తుపాకీ ఉండేది. ఎలక్షన్ వచ్చిందంటే తీసుకెళ్లి స్టేషన్‌లో డిపాజిట్ చెయ్యాల్సిందే, రసీదు తెచ్చుకోవాల్సిందే. ఇప్పుడు ఒక మనిషికి రెండుకి మించి లేవు, 2019లో మూడు నుంచి రెండుకి దించారు. కలెక్టరాఫీసు చుట్టూ తిరిగి చెప్పులరిగిన మా నాన్న మీ పది రోజుల గొడవ చదివితే నవ్వుతాడు.

డల్లాస్_రాజు
అందుకే కదా మనం ఇక్కడికొచ్చింది తమ్ముడూ. అడుక్కోకుండా బతకడానికి. మా దగ్గరా మరీ గాలికి వదిలెయ్యలేదు. కొనేవాడు ఫారం 4473 అనే ఫెడరల్ కాగితం నింపాలి, షాపువాడు బ్యాక్‌గ్రౌండ్ చెక్ చెయ్యాలి. ఐదు పని దినాల్లో ఒకే షాపులో రెండు హ్యాండ్‌గన్లు కొంటే షాపువాడు తుపాకుల వ్యవహారం చూసే ఫెడరల్ సంస్థ ఏటీఎఫ్‌కి రిపోర్ట్ పంపాలి. పంపుకోనీ. నన్ను ఆపడం లేదుగా. నా గ్యాస్ స్టేషన్‌లో రాత్రి పదకొండున్నరకి హుడీ వేసుకుని ఒకడు కౌంటర్ మీదకి తుపాకీ పెట్టాడు. వాడేం పది రోజులు ఆగి వచ్చాడా మాధవి గారూ?

మాధవి_ఎడిసన్
ఆ రాత్రి మీ తుపాకీ మీ దగ్గర ఉందా?

డల్లాస్_రాజు
డ్రాయర్‌లో ఉంది. తీసే టైమ్ లేదు. అది వేరే విషయం.

మాధవి_ఎడిసన్
అదే అసలు విషయం.

డల్లాస్_రాజు
ఎడిసన్‌లో ఇడ్లీ తింటూ కంప్యూటర్ ముందు కూర్చుని చెప్పడం ఈజీ. నైట్ షిఫ్ట్ ఒక్కటి చేసి మాట్లాడండి. మీలాంటి భయస్థుల వల్లే ఇలాంటి రూల్స్ వస్తాయి.

నిశ్శబ్దం
శీను గారూ, ఆవిడ వీసా ఏంటి?

మాధవి_ఎడిసన్
భయస్థురాలినే. ఎందుకో చెప్తాను వినండి. మా పిన్ని కొడుకు, సిటిజన్, పేరొద్దు, ఊరొద్దు. ఉద్యోగం పోయింది. ఎవరికీ చెప్పకుండా మూడు నెలలు పొద్దున్నే షర్ట్ టక్ చేసుకుని బయల్దేరి లైబ్రరీకి వెళ్లి కూర్చునేవాడు. తుపాకీ అంతకు నాలుగేళ్ల ముందు కొన్నది. వాళ్ల వీధిలోనూ దొంగలు పడ్డారనే కొన్నాడు. ఆ నాలుగేళ్లలో దొంగ రాలేదు. శవాన్ని ఇండియా పంపడానికి చందాలకి ఫోన్లు చేసింది నేనే. వాళ్లమ్మకి గుండెపోటని చెప్పాం. ఆవిడ ఇప్పటికీ అదే అనుకుంటోంది.

రిచ్‌మండ్_రవి
అయ్యో. సారీ అండీ.

డల్లాస్_రాజు
సారీ మేడమ్. ఇందాకటి మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ ఒకటి అడుగుతా, తప్పుగా అనుకోకండి. నాలుగేళ్ల ముందు కొన్నాడన్నారు. పది రోజులు కాదు కదా, పది నెలలు ఆపినా అది ఆగేది కాదు. మరి మీ గొడవ పది రోజుల గురించి కాదు. ఇంట్లో తుపాకీ ఉండటమే మీకు గొడవ.

మాధవి_ఎడిసన్
అవును. ఒప్పుకుంటున్నాను. పది రోజులు దొరికింది కాబట్టి దాన్ని పట్టుకున్నాను. వంద రోజులున్నా పట్టుకుంటాను. మీరేమో ఒక్క రోజున్నా వద్దంటారు. 17 శాతం, 57 రెట్లు అని నేను, సుప్రీంకోర్టు అని మీరు. అంతే కదా మనం రెండు పేజీలుగా చేస్తున్నది.

లెక్కల_మాస్టారు
సుప్రీంకోర్టు సంగతి చెప్పింది నేను, రాజు గారు కాదు.

శీను_ఫ్రీమాంట్
మాధవి గారూ, మీ బాధ అర్థమైంది. కానీ మీ తమ్ముడి రోజు వేరు, నా రోజు వేరు. ఎవరికో వచ్చిన చెడ్డ రోజుని తెచ్చి నా తలకి కొలత వేస్తే ఎలా? పన్నులు కడుతున్నాను, ఒక్క ట్రాఫిక్ టికెట్ లేదు, వేలిముద్రలు ఎన్నిసార్లిచ్చానో గుర్తు లేదు. ఇంకా "నువ్వు మంచోడివో కాదో పది రోజులు చూస్తాం" అంటే కడుపు మండుతుంది.

నిశ్శబ్దం గారూ, రెండుసార్లు అడిగారు. హెచ్1బి. నాకు గ్రీన్ కార్డు వచ్చాక పెళ్లయింది, ఆవిడది ఇంకా క్యూలో ఉంది. దానికీ దీనికీ సంబంధం ఏంటి?

నిశ్శబ్దం
నాన్ ఇమిగ్రెంట్ వీసా, అంటే తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకీ గానీ తూటా గానీ ఉండకూడదు. ఫెడరల్ చట్టం, టెక్సాస్‌లోనైనా ఇంతే. గ్రీన్ కార్డుకి పర్లేదు, హెచ్1బి, హెచ్4కి కుదరదు. ఫారం 4473లో ఆ ప్రశ్న విడిగా ఉంది. ఆవిడ నింపితే అక్కడే ఆగిపోతుంది. మీ పేరు మీద కొని ఆవిడకిస్తే, అది భార్యకిచ్చే బహుమతి కాదు, ఉండకూడని మనిషికి తెలిసి ఇవ్వడం. 2022 నుంచి 15 ఏళ్ల దాకా శిక్ష. ఆవిడ గ్రీన్ కార్డు సంగతి చెప్పక్కర్లేదు.

డల్లాస్_రాజు
హంటింగ్ లైసెన్స్ తీసుకుంటే పర్లేదు. నేను హెచ్1బిలో ఉన్నప్పుడు అలాగే కొన్నాను. జీవితంలో ఒక్క జింకని కూడా చూడలేదు.

నిశ్శబ్దం
ఆ మినహాయింపు చట్టంలో ఉంది. లైసెన్స్ చెల్లుబాటులో ఉన్నంతవరకే. ఆవిడ తీసుకుందా?

శీను_ఫ్రీమాంట్
తీసుకోలేదు. ఆవిడ సేఫ్టీ పరీక్షకి కూడా ఇంకా కూర్చోలేదు. ఈ వారం, వచ్చే వారం అంటోంది.

అయినా నాకు ఒళ్లు మండుతోంది. తొమ్మిదేళ్ల నుంచి ఈ దేశంలో పనిచేస్తోంది. సోషల్ సెక్యూరిటీ కట్టాలి, మెడికేర్ కట్టాలి. రాత్రి ఇంట్లోకి ఎవడైనా దూరితే మాత్రం 911కి ఫోన్ చేసుకుని బాత్రూమ్‌లో కూర్చోవాలా? పది రోజులూ ముప్ఫై రోజులూ అని నేను ఇంతసేపు కొట్టుకున్నాను. ఆవిడకి రోజులే లేవా?

మాధవి_ఎడిసన్
శీను గారూ, ఒక్క మాట. ఆవిడ అడిగిందా, తనకి ఒకటి కావాలని?

శీను_ఫ్రీమాంట్
అడగడం ఏంటండీ. నేను నెలకి రెండు వారాలు టూర్‌లో ఉంటాను.

కడప_కుర్రోడు
అడగలేదన్నమాట.

నిశ్శబ్దం
రెండోది పక్కన పెట్టండి. మొదటిది ఇప్పుడు ఎక్కడుంది?

శీను_ఫ్రీమాంట్
బెడ్రూమ్ అల్మారాలో. సేఫ్‌లోనే ఉంది, బయట పెట్టలేదు.

నిశ్శబ్దం
సేఫ్ ఎవరు తెరవగలరు? మీరు ఊళ్లో లేనప్పుడు ఆవిడ తెరవగలిగితే, అది ఆవిడ దగ్గరున్నట్టే అని ప్రాసిక్యూటర్ వాదించొచ్చు. ముట్టుకోకపోయినా సరే. ఇమిగ్రేషన్ తెలిసిన క్రిమినల్ లాయర్‌ని ఒకసారి అడగండి, ఇక్కడ మమ్మల్ని కాదు.

లెక్కల_మాస్టారు
నేను 28 అన్నది ఒక పిస్టల్ లెక్క. ఈ సంగతి తెలిస్తే అసలు లెక్కే వేసేవాణ్ని కాదు. కానీ 40 మాత్రం కాదు.

శీను_ఫ్రీమాంట్
కోడ్ పెట్టింది ఆవిడే. మా పెళ్లిరోజు. నేను మర్చిపోతానని.

నిశ్శబ్దం
ఈ రాత్రికే మార్చండి.