ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి నాలుగు లెప్టాన్ల హిగ్స్ శిఖరం చాలా?

కందుకూరు కణం
నెల్లూరు, ఒంగోలు కాలేజీల్లో ఎమ్మెస్సీ ఫిజిక్స్ పిల్లలకి అట్లాస్ ఓపెన్ డేటాతో (సెర్న్‌లోని అట్లాస్ డిటెక్టర్ వాళ్లు అందరికీ వదిలిన డేటా) హిగ్స్ శిఖరం తీయించే ప్రాజెక్టు ఇద్దామంటున్నారు. అంటే నాలుగు లెప్టాన్ల (ఎలక్ట్రాన్లు, మ్యూఆన్లు) మొత్తం ద్రవ్యరాశి గ్రాఫ్ గీసి, హిగ్స్ కణం ఉన్నచోట లేచే ఎత్తు చూపించడం. నేను వద్దంటాను. అది 2012 జూలై 4న సెర్న్‌లో ప్రకటించిన విషయం. కోడంతా రాసిపెట్టిన నోట్‌బుక్ నెట్‌లోనే ఉంది, షిఫ్ట్ ఎంటర్ నొక్కుకుంటా పోతే 125 జీఈవీ (కణాల శక్తికీ ద్రవ్యరాశికీ వాడే యూనిట్) దగ్గర శిఖరం లేస్తుంది. దానికి మార్కులెందుకు? ఇప్పుడు తేలాల్సింది హిగ్స్ సెల్ఫ్ కప్లింగ్, అంటే హిగ్స్ తనతో తాను ఎంత బలంగా కలుస్తుందో అది. పిల్లల్ని దాని మీద కూర్చోబెట్టండి.

పెన్నా గట్టు
సార్, నొక్కుకుంటా పోయేవాడికి ఏ ప్రాజెక్టు ఇచ్చినా అంతే. కంప్యూటర్ తెరవకముందు కాగితం మీద లెక్క వేయించండి. ఢీకొనే శక్తి 13 టీఈవీ (13 వేల జీఈవీ) దగ్గర హిగ్స్ క్రాస్ సెక్షన్, అంటే పుట్టే అవకాశం, సుమారు 55 పికోబార్న్‌లు (55 వేల ఫెమ్టోబార్న్‌లు). 2020లో వదిలిన డేటా 10 ఇన్వర్స్ ఫెమ్టోబార్న్‌లు (ఎన్ని ఢీలు జరిగాయో చెప్పే కొలత, ల్యుమినాసిటీ). రెండూ గుణిస్తే ఐదున్నర లక్షల హిగ్స్‌లు పుట్టాయి. అందులో రెండు జెడ్ కణాల మీదుగా నాలుగు ఎలక్ట్రాన్లో మ్యూఆన్లో అయ్యేవి ఎనిమిది వేలకి ఒకటి. డెబ్బైకి లోపే! ఎంపిక దాటేది సుమారు మూడో వంతు. చేతికొచ్చే ఇరవై చిల్లర ఈవెంట్లతో "ఇది శిఖరమే" అని ఎట్టా అంటాం? అది చెప్పగలిగితే స్టాటిస్టిక్స్ వచ్చినట్టే.

ఒంగోలు హిస్టోగ్రామ్
గట్టుగారి మాటే నాదీ. నోట్‌బుక్ ఇవ్వకుండా ఖాళీ ఫైలు ఇవ్వండి, ఎక్కడెక్కడ దెబ్బతింటారో చూడండి. ఆ 2020 ఫైళ్లలో శక్తి ఎంఈవీలో (జీఈవీలో వెయ్యో వంతు) ఉంటుంది. వెయ్యితో భాగించడం మరిచిపోతే 7 జీఈవీ కట్ (అంతకన్నా తక్కువవాటిని ఆపే షరతు) ఏ లెప్టాన్‌నీ ఆపదు, చెత్తంతా లోపలికొస్తుంది.

అసలు చిక్కు వెయిట్లతో, అంటే సిములేషన్‌లో ఒక్కో ఈవెంట్‌ని ఎంతగా లెక్కేయాలో చెప్పే అంకెలతో. సిములేషన్ ఈవెంట్‌కి జనరేటర్ (ఢీలని కంప్యూటర్‌లో పుట్టించే ప్రోగ్రామ్) వెయిట్, స్కేల్ ఫ్యాక్టర్లు (సిములేషన్‌ని డేటాకి సరిచేసే దిద్దుబాట్లు), క్రాస్ సెక్షన్, ల్యుమినాసిటీ గుణించి, మొత్తం వెయిట్ల కూడికతో భాగించాలి. కొన్ని జనరేటర్లు మైనస్ వెయిట్లు ఇస్తాయి. తప్పనుకుని వాటిని తీసేస్తే బ్యాక్‌గ్రౌండ్ (హిగ్స్ కాని ఈవెంట్ల అంచనా) పెరిగిపోతుంది, డేటా తక్కువొచ్చినట్టు కనిపిస్తుంది.

లెప్టాన్లని జతకట్టేటప్పుడు ఒకే రకం, ఎదురు ఛార్జీ ఉండాలి. జెడ్ ద్రవ్యరాశి 91.2 జీఈవీకి దగ్గరగా వచ్చే జతని మొదటి జెడ్‌గా తీసుకోవాలి. రెండోది 125లో మిగిలిన శక్తితోనే పుట్టాలి కాబట్టి బాగా తేలికగా ఉంటుంది. దానికీ 91 కట్ పెడితే హిగ్స్ మొత్తం పోతుంది. అన్నీ సరిగ్గా చేశారో లేదో తెలియాలంటే 125 కాదు, ముందు 91 దగ్గర చూడండి. ఒక్క జెడ్డే నాలుగు లెప్టాన్లుగా విడిపోయిన చిన్న శిఖరం అక్కడ రావాలి. రాకపోతే కోడ్‌లో తప్పుంది.

ఇంకోటి, బిన్ (గ్రాఫ్‌లో ఒక్కో గడి) వెడల్పు సిములేషన్ మీద ఖాయం చేశాకే డేటా తెరవాలి. శిఖరం బాగా కనపడేదాకా బిన్లు మార్చడం మోసం కిందే లెక్క.

కందుకూరు కణం
మైనస్ వెయిట్ల సంగతి ఒప్పుకుంటా. కానీ సెల్ఫ్ కప్లింగ్‌కి కంప్యూటర్ కూడా అక్కర్లేదు. 13 టీఈవీ దగ్గర హిగ్స్ జంట పుట్టే క్రాస్ సెక్షన్ ఫెమ్టోబార్న్‌లలో ఇదీ: 70.4 − 50.4 కె + 11.1 కె². కె అంటే స్టాండర్డ్ మోడల్ (ఇప్పటి కణ సిద్ధాంతం) చెప్పినదానికి కప్లింగ్ ఎన్ని రెట్లో అది. కె 1 అయితే సుమారు 31. సున్నా అయితే 70! కప్లింగే లేకపోతే జంటలు ఎక్కువ పుడతాయి, ఎందుకంటే రెండు రకాల డయాగ్రమ్‌లు (జంట పుట్టే దారులు) ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కె 2.3 దగ్గర 13కి దిగి మళ్లీ ఎక్కుతుంది. 3.5 దాటాక మళ్లీ 31. అంటే ఈవెంట్లు లెక్కపెట్టినంత మాత్రాన 1కీ 3.5కీ తేడా తెలియదు. జంట ద్రవ్యరాశి గ్రాఫ్ ఆకారం చూస్తేనే తెలుస్తుంది. ఈ ఒక్క గ్రాఫ్‌తో ఇంటర్‌ఫియరెన్స్ (ఆ కొట్టేసుకోవడం) అంతా అర్థమవుతుంది.

కావలి రీడౌట్
గ్రాఫ్ అద్భుతం సార్, కాదనను. కానీ డేటా ఏదీ? 10 ఇన్వర్స్ ఫెమ్టోబార్న్‌లకి పుట్టే జంటలు 310. రెండు బాటమ్ క్వార్కులు, రెండు ఫోటాన్లుగా మారేవి 0.26 శాతం, అంటే ఒక్కటి కూడా లేదు. రన్ 2 (ఆ యంత్రం రెండో విడత నడక) మొత్తం 140 ఇన్వర్స్ ఫెమ్టోబార్న్‌లకి వేసినా పదకొండు, అదీ డిటెక్టర్ ఎంపికకి ముందు. సెర్న్ హై ల్యుమినాసిటీ యంత్రం (ఢీలు బాగా పెంచే తర్వాతి దశ) 2030లో మొదలుపెట్టాలని ప్రణాళిక, లక్ష్యం 3,000 ఇన్వర్స్ ఫెమ్టోబార్న్‌లు. అప్పుడు ఒక్కో ప్రయోగానికి లక్షకి పైగా జంటలు. అప్పటికి పీహెచ్‌డీలో ఉండేది ఈ పిల్లలే, వాళ్లకి కావలసింది వెయిట్లూ కట్‌లూ చేతికి అలవాటై ఉండటం.

పెన్నా గట్టు
కందుకూరు సార్ గ్రాఫ్‌ని మొదటి వారం అసైన్‌మెంట్‌గా పెడదాం, ప్రాజెక్టు మాత్రం నాలుగు లెప్టాన్లే. వైవాలో ఒక ప్రశ్న తప్పనిసరి: హిగ్స్ సహజ వెడల్పు 4 ఎంఈవీ, మీ శిఖరం వెడల్పు దానికి వందల రెట్లు ఎందుకుంది? డిటెక్టర్ రిజల్యూషన్ (కొలతలో ఉండే మసక) అని చెప్పలేనివాడు శిఖరం తీసినట్టు కాదు.

కందుకూరు కణం
ఖాళీ ఫైలు షరతు రాతపూర్వకంగా ఉంటే సరే. నోట్‌బుక్ ఇచ్చే పనైతే నేను ఇప్పటికీ వ్యతిరేకమే.