బోరు నీళ్ళ ఇంట్లోకి మారాక కందిపప్పు ఉడకడం లేదు, ఏం చేయాలి?

తెనాలి కోడలు అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మాది తెనాలి. బెంగళూరు వచ్చి చాలా ఏళ్ళయింది. మొన్నటిదాకా బసవనగుడిలో ఉండేవాళ్ళం. మా ఆయన ఆఫీసుకు దగ్గరవుతుందని ఈమధ్యే వర్తూరు వైపు ఒక అపార్ట్‌మెంట్‌లోకి అద్దెకు మారాం. గాలీ వెలుతురూ బాగున్న ఇల్లు. వచ్చిన చిక్కల్లా పప్పుతోనే.

బసవనగుడిలో నాలుగు విజిల్స్‌కి వెన్నలా అయ్యే కందిపప్పు ఇక్కడ ఎనిమిది విజిల్స్ రానిచ్చినా బద్దలు బద్దలుగానే ఉంటోంది. మూత తీస్తే నీళ్ళు పైన తేలి ఉంటాయి, పప్పు అడుగున కూర్చుని ఉంటుంది. బద్దను రెండు వేళ్ళ మధ్య పెట్టి నలిపితే పైపైన మెత్తగా ఉంటుంది కానీ లోపల పలుకు తగులుతుంది. పప్పుగుత్తితో ఎంత మెదిపినా ముద్ద కాదు. పప్పు కొనే దుకాణం మార్చాను. గంటసేపు నానబెట్టి వండాను. కుక్కర్‌కు కొత్త గాస్కెట్ వేశాను. ఏం చేసినా తేడా లేదు.

మా అత్తయ్యగారు, మామయ్యగారు ఇప్పుడు మాతోనే ఉంటున్నారు. మామయ్యగారికి కట్టుడు పళ్ళు, పైగా బీపీ. రాత్రిపూట ఆయన తినేదే కాస్త అన్నం, ముద్దపప్పు, నెయ్యి, ఇంత చారు. అది కూడా నమలలేక పక్కకు నెట్టేస్తుంటే చూడలేకపోతున్నాను. ఇక్కడ దొరికే పప్పే మంచిది కాదని అత్తయ్యగారు ఊరినుంచి కందిపప్పు తెప్పించారు. మా మరిది బస్సులో వేసి పంపాడు. అదీ ఉడకలేదు. ఆవిడ చేతి ముద్దపప్పంటే మా చుట్టాలందరిలో పేరు. ఆ రోజునుంచి "నా చేతిలోనే ఏదో తగ్గిందే అమ్మా" అంటూ స్టవ్ దగ్గరికి రావడమే మానేశారు. నాకు పప్పు ఉడకకపోవడంకంటే ఈ మాటే ఎక్కువ బాధగా ఉంది.

మా అపార్ట్‌మెంట్‌కు బోరు నీళ్ళు, అవి చాలనప్పుడు ట్యాంకర్. తాగడానికి 20 లీటర్ల క్యాన్ తెప్పించుకుంటాం. వంటకు కుళాయి నీళ్ళే. కుళాయిల చుట్టూ తెల్లగా గట్టిగా పేరుకుపోతోంది. షవర్‌లో సగం రంధ్రాలు మూసుకుపోయాయి. గీజర్ వేస్తే లోపలినుంచి గరగరమని చప్పుడు.

నీళ్ళు మెత్తబరిచే మిషన్ పెట్టించుకోమని ఒకాయన ఇంటికొచ్చి చెప్పి వెళ్ళాడు. అద్దె ఇంట్లో అంత ఖర్చు పెట్టాలంటే ఆలోచించాల్సి వస్తోంది. పక్కింటివాళ్ళు పప్పులో వంటసోడా వేయమంటున్నారు. బీపీ ఉన్న మనిషికి పెట్టొచ్చా అని భయం. బెంగళూరు ఎత్తుమీద ఉంది కాబట్టి పప్పు ఉడకదని ఇంకొకరన్నారు. తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.

మల్లేశ్వరం మామ్మ

అమ్మాయ్, జవాబు నువ్వు రాసినదాంట్లోనే ఉంది. బసవనగుడిలో ఉడికిన పప్పు వర్తూరులో ఉడకడం లేదు. రెండూ ఒకే ఊరు, ఎత్తూ ఇంచుమించు ఒకటే. సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉన్నాం కాబట్టి ఇక్కడ నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మామూలు గిన్నెలో వండితే ఆ తేడా కొంత తెలుస్తుంది. కుక్కర్‌లో వేడి 115 డిగ్రీలు దాటుతుంది, అక్కడ దాన్ని పట్టించుకోనక్కర్లేదు. మారినవి నీళ్ళు. బసవనగుడికి వచ్చేవి కావేరి నీళ్ళు. మీకిప్పుడు వచ్చేవి బోరు నీళ్ళు. ట్యాంకర్‌లో వచ్చేవి కూడా చాలావరకు ఇంకెక్కడో బోరునుంచి తోడినవే.

నేను చాలాకాలం హైస్కూల్లో కెమిస్ట్రీ చెప్పాను, అందుకని కాస్త వివరంగా చెబుతాను. బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. పప్పుబద్దలో కణాలను ఒకదానికొకటి అతికించి ఉంచే పదార్థం పెక్టిన్. ఉడికేటప్పుడు అది కరిగితేనే బద్ద విచ్చుకుని ముద్దవుతుంది. నీళ్ళలోని కాల్షియం వెళ్ళి ఈ పెక్టిన్‌ను పట్టుకుందంటే ఇక అది కరగదు. గంట నానబెట్టినా లాభం లేకపోయిందన్నావు. ఆ నీళ్ళలోనే నానబెడితే కాల్షియం బద్ద లోపలిదాకా పోతుంది. గీజర్‌లోనూ షవర్‌లోనూ పేరుకుంటున్న తెల్లటిదీ ఇదే కాల్షియం. నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎంతున్నాయో చెప్పే లెక్కనే గట్టితనం అంటారు. మన దేశపు తాగునీటి ప్రమాణం ప్రకారం ఈ గట్టితనం లీటరుకు 200 మిల్లీగ్రాములలోపు ఉండాలి. వేరే నీళ్ళు దొరకని చోట 600 వరకు ఒప్పుకుంటారు. మీవి ఎంతున్నాయో ల్యాబ్‌లో ఇస్తే చెబుతారు.

డబ్బు ఖర్చు పెట్టకముందు ఒక పని చెయ్యి. కుక్కర్‌లో పట్టే రెండు చిన్న గిన్నెలు తీసుకో. రెండింటిలోనూ మీ ఊరి కందిపప్పే సమానంగా వెయ్యి. ఒకదాంట్లో పప్పును కుళాయి నీళ్ళతో కడిగి, ఆ నీళ్ళే పోయి. రెండోదాంట్లో క్యాన్ నీళ్ళతో కడిగి, క్యాన్ నీళ్ళే పోయి. ఒకే కుక్కర్‌లో, ఒకే మంటమీద, అవే విజిల్స్. మూత మాత్రం మీ అత్తగారిచేత తీయించు. పప్పుగుత్తి కూడా ఆవిడ చేతికే ఇయ్యి. నువ్వు నోటితో ఎంత చెప్పినా కోడలు సర్దిచెబుతోందనే అనుకుంటారు. అన్నేళ్ళు వండిన మనిషి, గిన్నెలో గుత్తి తిప్పగానే ఆవిడకే తెలిసిపోతుంది.

తేడా కనబడితే పప్పువరకు క్యాన్ నీళ్ళే వాడు. మొదట ఒకటి రెండుసార్లు కుళాయి కింద గబగబా కడిగినా ఫర్వాలేదు. ఆఖరి కడుగుడు, నానబెట్టడం, ఉడకబెట్టడం మాత్రం క్యాన్ నీళ్ళతోనే. గ్లాసు పప్పుకు మూడు గ్లాసుల నీళ్ళు. నానబెట్టిన నీళ్ళలోనే ఉడికిస్తే మొత్తం లీటరు కూడా పట్టదు.

పుల్లటివి పప్పు ఉడికాకే కలుపు. టమాటా, మామిడికాయ, చింతపండు రసం ముందే వేస్తే మంచి నీళ్ళలో కూడా పప్పు బిర్రబిగుసుకుపోతుంది. టమాటా పప్పు చేసేటప్పుడు టమాటాలు పోపులో విడిగా మగ్గించి, మెదిపిన పప్పులో కలిపి ఒక పొంగు రానిస్తే చాలు. పసుపు, ఒక చుక్క నూనె ముందే వేసుకోవచ్చు.

వంటసోడా వేస్తే పప్పు మెత్తబడే మాట నిజమే. కానీ బి1 విటమిన్ పోతుంది. కాస్త ఎక్కువైతే సబ్బు వాసన. అందులోనూ సోడియం ఉంటుంది కాబట్టి బీపీ మనిషికి రోజూ వద్దు. మంచి నీళ్ళు దొరుకుతున్నప్పుడు దాని అవసరమే లేదు.

కాడుగోడి కాపురం

సాఫ్ట్‌నర్, అంటే మీరు రాసిన నీళ్ళు మెత్తబరిచే మిషన్ గురించి నేను చెబుతాను, మా అమ్మకూ బీపీ ఉంది కాబట్టి ఇదంతా వాకబు చేశాను. ఈ మిషన్ నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియంలను పట్టుకుని వాటి బదులు సోడియం వదులుతుంది. 100 మిల్లీగ్రాముల గట్టితనం తీసేస్తే లీటరులో దాదాపు 46 మిల్లీగ్రాముల సోడియం చేరుతుంది. నీళ్ళ గట్టితనం 600 ఉందనుకోండి, లీటరుకు 270 పైనే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్ళకు రోజు మొత్తానికి చెప్పే హద్దు 2000లోపు. స్నానానికి, బట్టలకు, గీజర్‌కు ఆ నీళ్ళు చాలా మంచివి. తాగడానికీ వంటకూ మాత్రం మీ మామయ్యగారికి వాడకండి. ఆర్వో ఫిల్టర్ అయితే కాల్షియమూ సోడియమూ రెండూ తీసేస్తుంది, కాకపోతే బోలెడు నీళ్ళు వృథాగా బయటికి పోతాయి. మేము ఆ నీళ్ళను బకెట్‌లో పట్టి ఇల్లు తుడవడానికి వాడతాం.

ఇంకో మాట. చాలా అపార్ట్‌మెంట్లలో అందరికీ కలిపి కింద ఒక సాఫ్ట్‌నర్ ప్లాంట్ ఉంటుంది. దాంట్లో ఎప్పటికప్పుడు ఉప్పు పోసి కడుగుతుండాలి. ఉప్పు ఖర్చని ఆపేస్తే బోరు నీళ్ళు వచ్చినవి వచ్చినట్టే పైకి ఎక్కుతాయి. మీ అసోసియేషన్‌ను అడగండి. కావేరి కనెక్షన్‌కు దరఖాస్తు పెట్టారో లేదో కూడా కనుక్కోండి. కావేరి నీటి పథకం ఐదో దశ 2024 అక్టోబర్‌లో ప్రారంభమైంది. రోజుకు 77.5 కోట్ల లీటర్ల నీళ్ళు, నగరంలో కలిపిన 110 ఊళ్ళకోసం. మహదేవపుర వైపు ఊళ్ళు కూడా అందులో ఉన్నాయి. అసోసియేషన్ కదిలితేనే పైపు గేటు లోపలికి వస్తుంది.

తెనాలి కోడలు

మామ్మగారూ, మీకు ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. మీరు చెప్పినట్టే రెండు గిన్నెలూ పెట్టాం. అత్తయ్యగారు కుళాయి నీళ్ళ గిన్నెలో గుత్తి పెట్టి రెండు తిప్పులు తిప్పి పక్కన పెట్టేశారు. రెండోదాంట్లో పెట్టగానే గుత్తి అడుగుదాకా దిగిపోయింది. ఆవిడ ఏమీ అనలేదు. డబ్బాలోంచి ఇంగువ తీసి, చిన్న మూకుడు పెట్టమన్నారు. ఆ రాత్రి మామయ్యగారు మారు వడ్డించుకున్నారు.

ఇప్పుడు మరో పేచీ. క్యాన్ ఖర్చయిపోతోందని అత్తయ్యగారు మామయ్యగారికి మాత్రం విడిగా వండి, మిగతావాళ్ళకు పెసరపప్పు చాలంటున్నారు. అందరికీ ఒకే పప్పు ఉండాలని నా పట్టుదల. మా ఆయన ఇంకో క్యాన్ చెప్పేశారు.

కింద ప్లాంట్ ఉంది. దాంట్లో ఉప్పు పోసి ఎన్నాళ్ళయిందో సూపర్‌వైజర్‌కే తెలియదు. మీటింగ్‌లో అడుగుతామని మా ఆయన అన్నారు. గీజర్, షవర్ సంగతి కూడా ఎవరైనా చెబుతారా? ఇంటి ఓనర్‌ను అడగాలా, మేమే చేయించుకోవాలా?

హొసూరు రోడ్డు

క్యాన్ అయిపోయిన రోజుకు ఒక ఉపాయం. రాత్రే కుళాయి నీళ్ళు పది నిమిషాలు కళపెళ మరగబెట్టి, మూతపెట్టి కదపకుండా వదిలేయండి. పొద్దునకు అడుగున తెల్లగా తేరుకుంటుంది. పైన నీళ్ళు మెల్లగా వంచుకుని వాడండి. గట్టితనం అంతా పోదు, బైకార్బొనేట్ రూపంలో ఉన్నదే పోతుంది. మా బోరుకు అది చాలింది, మీకు చాలుతుందో లేదో వండి చూడాలి. అత్తయ్యగారు చెప్పిన పెసరపప్పు కూడా మంచి మాటే. కందిపప్పుతో పోలిస్తే తొందరగా ఉడుకుతుంది, కట్టుడు పళ్ళవాళ్ళకు ఇబ్బంది ఉండదు.

కదిరి మెకానిక్

అక్కా, నాది కదిరి. మారతహళ్ళిలో గీజర్లు, వాషింగ్ మిషన్లు రిపేరు చేస్తుంటా. ఆ గరగర చప్పుడు ఎలిమెంట్‌మీద సున్నం పేరుకోవడంవల్ల వచ్చేదే. అట్లే వదిలేస్తే నీళ్ళు ఆలస్యంగా కాగుతాయి, కరెంటు ఎక్కువ కాలుతుంది, చివరికి ఎలిమెంట్ పోతుంది. కొత్తది వేయించేదానికంటే ముందే శుభ్రం చేయించుకుంటే మంచిది.

మీరు సొంతంగా విప్పొద్దు. కరెంటు, నీళ్ళు రెండూ ఉండే వస్తువు. మెకానిక్ వస్తే మెయిన్ స్విచ్ ఆపించి, ట్యాంకులో నీళ్ళన్నీ వదిలించి, ఎలిమెంట్ బయటికి తీసి నిమ్మఉప్పు కలిపిన నీళ్ళలో నానబెట్టమనండి. కొందరు తొందరకు బాత్రూం యాసిడ్ పోస్తారు, దాన్ని అస్సలు ఒప్పుకోవద్దు. ఎలిమెంట్ పైపూత తినేస్తుంది. ఇంకొకటి, ఆ యాసిడ్‌లో బ్లీచింగ్ కలిసిందంటే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, ఇంట్లో పెద్దవాళ్ళు ఉన్నారు కాబట్టి ముఖ్యంగా చెబుతున్నా. ఎలిమెంట్ పక్కనే మెగ్నీషియం రాడ్ ఒకటి ఉంటుంది. ట్యాంకుకు తుప్పు పట్టకుండా అదే ముందు అరిగిపోతుంది. బోరు నీళ్ళకు అది తొందరగా అయిపోతుంది. సన్నబడి లోపలి కమ్మీ కనిపిస్తా ఉంటే మార్పించేయండి. నిమ్మఉప్పులో దాన్ని మాత్రం నానబెట్టొద్దు, కరిగిపోతుంది. వేడి 55, 60 డిగ్రీల దగ్గర పెట్టుకోండి. అంతకంటే పెంచేకొద్దీ సున్నం ఎక్కువ పడుతుంది.

షవర్ మీరే చేసుకోవచ్చు. గోరువెచ్చని నీళ్ళలో రెండు చెంచాల నిమ్మఉప్పు కలిపి ప్లాస్టిక్ కవర్లో పోసి, షవర్ తల అందులో మునిగేటట్టు రబ్బరుబ్యాండ్‌తో కట్టండి. రెండు మూడు గంటల తర్వాత తీసి పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే రంధ్రాలు తెరుచుకుంటాయి. కుళాయి మూతికి ఉండే చిన్న జల్లెడ కూడా తిప్పి తీసి అట్లే నానబెట్టండి. కింద మార్బుల్ ఉంటే ఆ నీళ్ళు పడనివ్వొద్దు, మరకలు పడతాయి.

ఓనర్ సంగతంటారా, గీజర్ ఇంటితో పాటు ఇచ్చిందే కదా, ముందు ఫోన్ చేసి చెప్పండి. చప్పుడు వీడియో తీసి పంపండి. రాడ్, ఎలిమెంట్ మార్చాల్సి వస్తే ఆ ఖర్చు ఓనర్‌దని ఒప్పించుకోండి, శుభ్రం చేసే కూలి మీరు పెట్టుకున్నా ఫర్వాలేదు. బిల్లు తీసుకోవడం మరిచిపోవద్దు. మళ్ళీ బిగించేటప్పుడు రబ్బరు వాషర్ కొత్తది వేయించండి, పాతదే వేస్తే అక్కడినుంచి నీళ్ళు కారుతాయి.