ఆఫ్ఘన్ హౌండ్ కుక్క జుట్టు ఉండలు కట్టేస్తోంది, ఏం చేయాలి?

ప్రశ్న: మా ఆఫ్ఘన్ హౌండ్‌కి ఏడాది దాటిందండీ, రోజూ దువ్వుతున్నా చెవుల వెనక, చంకల్లో జుట్టు ఉండలు కట్టేస్తోంది, పైగా బయట పిలిస్తే అసలు రాదు. నేనేం తప్పు చేస్తున్నా?

జవాబు 1: తప్పేం లేదండీ, ఆ వయసులో పిల్లజుట్టు పోయి పెద్దజుట్టు వస్తుంది, చిక్కులు అప్పుడే ఎక్కువ. పొడిగా ఉన్నప్పుడు మాత్రం దువ్వకండి తెగిపోతుంది, కాస్త నీళ్లు స్ప్రే చేసి పాయలు పాయలుగా కుదుళ్ల దాకా దువ్వండి. వారానికోసారి స్నానం, తర్వాత పూర్తిగా ఆరబెట్టాలి, తడి ఉంటే మళ్లీ ఉండలే.

జవాబు 2: పిలిస్తే రాకపోవడం మొండితనం కాదు, ఇది కంటితో చూసి వేటాడే జాతి, దూరంగా ఏదైనా కదిలితే చాలు పరిగెడుతుంది, కంచె లేనిచోట లీష్ తీయొద్దు ప్లీజ్. తిడితే ఇంకా దూరమైపోతుంది.

జవాబు 3: ఆపరేషన్ ఏదైనా ఉంటే ఇది సైట్‌హౌండ్ (కంటితో చూసి వేటాడే జాతి) అని డాక్టర్‌కి ముందే గుర్తుచేయండి, ఒంట్లో కొవ్వు తక్కువ కాబట్టి కొన్ని మత్తుమందుల నుంచి తేరుకోడానికి టైం పడుతుంది.