రాష్ట్రాల సరిహద్దు దాటే జూదంపై అమెరికా కాంగ్రెస్‌కు ఉన్న అధికారం ఎంత?

ప్రశ్న: అమెరికాలో జూదం ప్రధానంగా రాష్ట్రాల పరిధిలోని విషయమని చదివాను. మరి సరిహద్దు దాటే పందేలను కాంగ్రెస్ ఏ అధికారంతో నిషేధిస్తోంది? 2018 నాటి తీర్పుతో ఆ అధికారం పోయిందంటున్నారు, నిజమేనా?

జవాబు: పోలేదండి. దానికి ఆధారం రాజ్యాంగంలోని వాణిజ్య నిబంధన, అంటే రాష్ట్రాల మధ్య వాణిజ్యాన్ని నియంత్రించే అధికారాన్ని కాంగ్రెస్‌కు ఇచ్చే నిబంధన. టెక్సాస్‌లోని డల్లాస్ నుంచి కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోకు పంపిన ఒక పెట్టెడు లాటరీ టికెట్ల మీద నడిచిన చాంపియన్ వర్సెస్ ఏమ్స్ కేసులో, టికెట్టు వాణిజ్య వస్తువే కాదన్న వాదనను సుప్రీంకోర్టు 1903లో 5–4 తేడాతో తోసిపుచ్చి, నియంత్రించే అధికారంలోనే నిషేధించే అధికారమూ ఇమిడి ఉందని తేల్చింది. నలుగురు న్యాయమూర్తులు విభేదించారన్నది మరువరాదు.

మరో జవాబు: 2018లో మర్ఫీ కేసులో కొట్టివేసిన 1992 నాటి చట్టం పందేలను నేరుగా నియంత్రించలేదు, క్రీడా పందేలకు అనుమతినివ్వకూడదని రాష్ట్రాల శాసనసభలను కట్టడి చేసింది. తప్పు అక్కడే జరిగింది. కాంగ్రెస్ తానే నేరుగా చట్టం చేయవచ్చని, రాష్ట్రాలను మాత్రం ఆజ్ఞాపించలేదని కోర్టు స్పష్టంగా చెప్పింది. ఈ తేడాను పత్రికలు సరిగా వివరించకపోవడం నాకు బాధగా ఉంది.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలు. రెండు రాష్ట్రాల్లోనూ పందెం చట్టబద్ధమైతే ఫోన్‌లో కాయవచ్చా?

జవాబు: ఫోన్ వంటి తంతి మార్గాల్లో రాష్ట్రాల మధ్య పందేలు పంపడాన్ని పందేల వ్యాపారులకు నిషేధించే 1961 నాటి వైర్ చట్టం అటువంటి రాష్ట్రాల మధ్య పందేనికి తోడ్పడే సమాచారం పంపడానికే మినహాయింపునిచ్చింది, పందేనికి కాదు. అందుకే పందేల యాప్‌లు మీ ఫోన్ ఏ రాష్ట్రంలో ఉందో ముందుగా నిర్ధారించుకుంటాయి.