ఎండాకాలంలో నాలుగున్నర నెలల పాపకి నీళ్ళు పట్టాలా? అమ్మ పట్టాలంటోంది, మా ఆవిడ వద్దంటోంది

కూకట్‌పల్లి నాన్న
అందరికీ నమస్కారం. మాకు నాలుగున్నర నెలల పాప. మా ఆవిడ సెలవు అయిపోయి మళ్ళీ ఆఫీసుకి వెళ్తోంది. పగలు పాపని మా అమ్మ చూసుకుంటుంది. మాది తణుకు దగ్గర పల్లెటూరు, మనవరాలి కోసమని అమ్మ వచ్చి ఇక్కడే ఉంటోంది. మొన్న మా ఆవిడ కాస్త ముందుగా ఇంటికొచ్చేసరికి అమ్మ ఒళ్ళో పాప, చేతిలో వెండి ఉగ్గుగిన్నె, అందులో నీళ్ళు. "ఎండకి పిల్ల నోరు పిడచ కట్టుకుపోతోంది. కాచి చల్లార్చినవే రెండు చెంచాలు పట్టాను, విషమేం పోయలేదు" అంది అమ్మ. అప్పట్నుంచి ఇద్దరి మధ్యా మాటల్లేవు. ఒకరికొకరు ఏం చెప్పాలన్నా నాతో చెప్పిస్తున్నారు.

ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలు తప్ప ఏమీ వద్దని పిల్లల డాక్టరు చెప్పిన మాట నిజమే. కానీ ఆయన చెప్పింది జనవరిలో. ఇప్పుడు బయట 42 డిగ్రీలు. రెండు చెంచాల నీళ్ళకి ఇంత గొడవ అవసరమా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

అమ్మమ్మ కబుర్లు
బాబూ, మీ అమ్మ చేసిందాంట్లో తప్పేం లేదు. నలుగురిని కన్నాను, ముగ్గురిని పెంచాను. నెల తిరక్కుండానే కాచిన నీళ్ళు పట్టేదాన్ని. కాళ్ళ మీద పడుకోబెట్టుకుని లాల పోసి, సాంబ్రాణి వేసి, ఐదో నెలలో వసకొమ్ము సాన మీద అరగదీసి నాలిక్కి రాసేదాన్ని. ముగ్గురూ నిక్షేపంలా ఉన్నారు.

మా కోడలు డల్లాస్‌లో కాన్పుకి రమ్మని టికెట్ పంపింది. దాంతోపాటు ఫోన్లో ఓ లిస్టూ పంపింది. పిల్లాడిని ముద్దు పెట్టుకోకూడదు, నూనె రాయకూడదు, పక్కలో వేసుకోకూడదు. ఉన్నన్నాళ్ళూ వంట చేశాను, అంట్లు తోమాను, లాల మాత్రం ఒక్కరోజు పోయనివ్వలేదు. కాబట్టి మీ అమ్మ మనసులో ఏముందో నాకు బాగా తెలుసు.

సీతాఫల్‌మండి చిన్నా
ఫాలోయింగ్. మా ఇంట్లోనూ ఇదే సీను.

పిల్లల వార్డు
నేను పిల్లల వార్డులో నర్సుని. అవసరమే, గొడవ పడాల్సిన విషయమే.

తల్లిపాలలో 87, 88 శాతం నీళ్ళే. ఎండ ఎక్కువైతే ఇంకోసారి పాలివ్వాలి, నీళ్ళు కాదు. ఈ వయసు పిల్లల పొట్ట ఎంతని? నీళ్ళతో నింపితే ఆ మేరకు పాలు తాగరు. పిల్ల తాగడం తగ్గితే తల్లికి పాలూ తగ్గుతాయి. పైగా కిడ్నీలు ఇంకా పూర్తిగా కుదురుకోవు. నీళ్ళు ఎక్కువైతే రక్తంలో సోడియం పడిపోయి ఫిట్స్ దాకా వెళ్తుంది. రెండు చెంచాలకే ఫిట్స్ వస్తాయని నేననడం లేదు. కానీ వార్డుకి వచ్చేవాళ్ళు ఎవరూ "గ్లాసుడు పట్టాం" అనరు, అందరూ రెండు చెంచాలే అంటారు.

పాప రోజుకి ఆరు నుంచి ఎనిమిదిసార్లు పాస్ పోస్తోందా? ఒంట్లో నీరు చాలుతున్నట్టే. వసకొమ్ము సంగతి కూడా ఎత్తారు కాబట్టి చెప్తున్నా, దాన్ని తిండి పదార్థాల్లో వాడకూడదని అమెరికాలో 1968లోనే నిషేధించారు.

రిటైర్డ్ రావు
87 శాతం అన్నారు. గేదెపాలలో కూడా 80 శాతం పైనే నీళ్ళుంటాయి. గ్లాసుడు గేదెపాలు తాగి మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడండి, దాహం వేస్తుందో లేదో తెలుస్తుంది. శాతాలు చెప్పి నోళ్ళు మూయించడం సైన్సు కాదు. ముందు అడగాల్సింది ఆ నీళ్ళు ఏ నీళ్ళు అని. నల్లాలో వచ్చే మంజీరా నీళ్ళా, బోరా, ఆర్‌ఓ ఫిల్టరువా? టీడీఎస్, అంటే నీళ్ళలో కరిగిన లవణాల లెక్క, ఎంత? ఈ వివరాలు లేకుండా చర్చే అనవసరం.

పిల్లల వార్డు
రావుగారూ, గేదెపాలలో మాంసకృత్తులు, లవణాలు ఎక్కువ. వాటిని బయటికి పంపడానికి కిడ్నీలకి నీళ్ళు కావాలి. తల్లిపాలలో అవి తక్కువ, అందుకే విడిగా నీళ్ళు అక్కర్లేదు. టీడీఎస్ ఎంతైనా సమాధానం మారదు.

అమ్మమ్మ కబుర్లు
అంటే మా కాలంలో పిల్లలందరూ ఫిట్సొచ్చి పడిపోయారా అమ్మా? మీరంతా నీళ్ళు తాగి పెరిగినవాళ్ళు కాదా?

పిల్లల వార్డు
1971లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో 129 మంది ఏడాది నిండకుండానే పోయారు. 2020కి అది 28. బతికినవాళ్ళు వచ్చి మాకేం కాలేదంటారు. పోయినవాళ్ళు వచ్చి చెప్పరు కదండీ.

రిటైర్డ్ రావు
ఆ తగ్గుదల టీకాల వల్ల, ఆస్పత్రి కాన్పుల వల్ల, తిండి మెరుగుపడటం వల్ల. నీళ్ళు మానేసినందుకు తగ్గిందని ఎక్కడుంది? ఒక లెక్క తెచ్చి ఇంకో వాదనకి అతికిస్తున్నారు.

ఓరుగల్లు అక్క
అందరూ నీళ్ళ దగ్గరే ఆగిపోయారు. నేనొకటి అడుగుతా. ఆ అత్తమ్మ కోడలికి చెప్పి పట్టారా, చెప్పకుండా పట్టారా? కోడలు ముందుగా రాకపోతే ఈ సంగతి ఎప్పటికైనా తెలిసేదా?

మా బాబుకి పుట్టిన మూడో రోజే తేనె నాకించారు. ఏడాది లోపు పిల్లలకి తేనె పెట్టొద్దని డాక్టరు మరీ మరీ చెప్పి పంపింది. నాకు ఎప్పుడు తెలిసింది? తొట్టెల ఫంక్షన్ నాడు వీడియో చూస్తుంటే తెలిసింది. ఆడపడుచు నవ్వుకుంట నాకిస్తోంది, మా ఆయన పక్కనే నిలబడి ఫోన్ పట్టుకుని తీస్తున్నాడు. బాబుకి ఏం కాలేదు. కానీ ఆ రోజు నుంచి బాబుని ఎవరి చేతిలో పెట్టాలన్నా నాకు టెన్షనే. రెండు చెంచాలా, రెండు చుక్కలా అన్నది కాదు ఇక్కడ లెక్క.

అమ్మమ్మ కబుర్లు
అడిగితే వద్దంటారని తెలుసు కాబట్టి అడగరు తల్లీ. పొద్దున తొమ్మిదింటి నుంచి చీకటి పడేదాకా పిల్లని భుజాన వేసుకునేది ఆవిడ. ఏడిస్తే ఊరుకోబెట్టేది ఆవిడ, దొడ్డికెళ్తే కడిగేది ఆవిడ. ఏం పట్టాలో మాత్రం ఆఫీసులో కూర్చుని చెప్తారు. జీతం ఇచ్చి ఆయాని పెట్టుకుంటే ఆ ఆయా కూడా ఇంత పడదు.

ఇక నర్సమ్మగారికి. నలుగురిని కన్నాను, ముగ్గురిని పెంచాను అని మొదటే రాశాను, మీరు చదవలేదు. 1976 వేసవిలో మా రెండోవాడికి విరేచనాలు పట్టుకున్నాయి. ఎనిమిదో నెల. చూసినాయన నీళ్ళు పట్టకండి, పడితే ఇంకా ఎక్కువవుతాయి అన్నాడు. తడిగుడ్డతో పెదాలు అద్దాను తప్ప చుక్క నీళ్ళు పట్టలేదు. రెండు రోజులు అలాగే ఉంచాను, చదువుకున్నాయన చెప్పాడు కదా అని. తర్వాత పదేళ్ళకి అదే ఆస్పత్రి గోడ మీద విరేచనాలైతే నీళ్ళలో ఉప్పు, పంచదార కలిపి పట్టండని బొమ్మ వేశారు. ఇప్పుడు మీరొచ్చి మళ్ళీ పట్టకండి అంటున్నారు. ఎండాకాలం పిల్ల పెదాలు ఆరితే నాకు శాతాలు గుర్తురావు.

పిల్లల వార్డు
అమ్మా, నేను అది గమనించలేదు. మీకు అలా చెప్పినాయన ముమ్మాటికీ తప్పు చెప్పాడు. విరేచనాలైన పిల్లకి నీరు ఆపకూడదు. ఆరు నెలల లోపు పిల్లకైనా సరే, తల్లిపాలు ఇస్తూనే ఓఆర్ఎస్ పట్టమంటాం. కానీ ఇక్కడ పాపకి విరేచనాలు లేవు. ఆడుకునే పిల్ల. ఆనాటి తప్పుకీ ఈనాటి సలహాకీ ముడిపెడితే మీ మనవడికైనా, ఈ పాపకైనా మేలు జరగదు.

రిటైర్డ్ రావు
పెద్దావిడ చెప్పింది అదే కదా, డాక్టర్లు మాట మారుస్తారు అని. నా పాయింట్ కూడా అదే.

ఓరుగల్లు అక్క
రావుగారూ, మీ పాయింట్ టీడీఎస్. మీరు కాసేపు ఆగండి.

అమ్మా, మీ కష్టానికి నేనేం అనలేను. కానీ ఆఫీసులో కూర్చుని చెప్తారు అన్నారు చూడండి, అదొక్కటీ ఒప్పుకోను. సరదాకి పోయి కూర్చుంటామా? 2017లో చట్టం మార్చి జీతంతో 26 వారాల సెలవు ఇచ్చారు. అందులో 8 వారాల దాకా కాన్పుకి ముందే వాడుకోవచ్చు. బీపీ వచ్చి ముందే ఇంట్లో ఉండాల్సి వస్తే కాన్పయ్యాక మిగిలేది 18 వారాలు. ఆరు నెలలు తల్లిపాలే అని డాక్టరు అంటాడు, నాలుగు నెలలకే వచ్చి కూర్చో అని మేనేజర్ అంటాడు. ఆ మధ్య నెలన్నర, రెండు నెలలు పిల్ల ఏం తాగాలో ఏ చట్టంలోనూ రాయలేదు.

కూకట్‌పల్లి నాన్న
మా ఆవిడకి అచ్చం ఇదే జరిగింది అక్కా. కాళ్ళ వాపులు, బీపీ. ఎనిమిది వారాలు ముందే అయిపోయాయి.

అసలు సంగతి ఇప్పుడు చెప్తాను. మా ఆవిడ రాత్రి, తెల్లవారుజామున పంపుతో పాలు తీసి ఫ్రిజ్‌లో పెట్టి వెళ్తుంది. అమ్మ మొదట్లో వాటిని ముట్టుకోలేదు, ఫ్రిజ్‌లో పాలు పసిపిల్లకేంటి, జలుబు చేస్తుంది అని. ఇప్పుడు వేడినీళ్ళ గిన్నెలో సీసా పెట్టి వెచ్చబెట్టి పడుతోంది. కానీ మధ్యాహ్నం మూడున్నరకల్లా అవి అయిపోతున్నాయి. మా ఆవిడ ఇంటికి చేరేసరికి ఏడు. డబ్బాపాలు ఇంట్లోకి రానివ్వనని ఖచ్చితంగా చెప్పేసింది. ఈ మధ్యలో పాప ఏడుస్తుంటే అమ్మ చెంచాతో నీళ్ళు పట్టి నిద్రపుచ్చుతోంది. నిన్న గట్టిగా అడిగితే చెప్పింది.

పిల్లల వార్డు
ఇది మొదటి పోస్టులోనే రాయాల్సింది! అది దాహం కాదు, ఆకలి. ఎండకీ దీనికీ సంబంధం లేదు. రోజూ మూడు గంటలకు పైగా పిల్లని నీళ్ళతో పస్తుంచుతున్నారు.

వెంటనే బరువు తూయించండి, గత నెల బరువుతో పోల్చి చూడండి. మీ ఆవిడ ఆఫీసులో కూడా పాలు తీసి, ఐస్ ప్యాక్ పెట్టిన బ్యాగులో తెస్తే మర్నాటికి పనికొస్తాయి. ఫ్రిజ్‌లో నాలుగు రోజులు ఉంటాయి, కానీ తలుపు అరలో కాదు, లోపలివైపు పెట్టాలి. అప్పటికీ చాలకపోతే డాక్టరుని అడిగి డబ్బాపాలు పట్టండి. డబ్బా మీద ఉన్న కొలత ప్రకారమే కలపాలి. పొదుపుగా వస్తుందని నీళ్ళు ఎక్కువ పోస్తే మళ్ళీ మొదటికే వస్తుంది.

ఓరుగల్లు అక్క
నర్సు అయి ఉండి డబ్బాపాలు పట్టమంటారా? ఒక్కసారి అలవాటైతే తల్లికి పాలు తగ్గిపోవచ్చు. 50 మంది, అంతకు పైన ఉన్న ఆఫీసులో క్రెష్, అంటే పిల్లల్ని చూసుకునే చోటు, ఉండాలి, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్ళి చూసుకోవచ్చు. అది అడగండి ముందు.

కూకట్‌పల్లి నాన్న
అడిగాం అక్కా. ఉందట, కానీ ఆరు నెలలు నిండినవాళ్ళనే తీసుకుంటారట.

పిల్లల వార్డు
అదండీ సంగతి. మంచి సలహాలు అందరం చెప్తాం, మూడున్నర గంటలకి పిల్ల ఏడుస్తుంటే ఇంట్లో ఉన్నది ఆ పెద్దావిడ ఒక్కతే. కొలతతో కలిపిన డబ్బాపాలు పిల్లకి ఆకలి తీరుస్తాయి. నీళ్ళు తీర్చవు.

అమ్మమ్మ కబుర్లు
బాబూ, ఇంతసేపూ అమ్మ, ఆవిడ అన్నావు. నువ్వెక్కడుంటావు ఆ టైముకి?

కూకట్‌పల్లి నాన్న
నాది వారంలో మూడు రోజులు వర్క్ ఫ్రమ్ హోమ్ అండీ. లోపలి గదిలో ఉంటాను. మధ్యాహ్నం అంతా క్లయింట్ కాల్స్, హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే బయటి సంగతి తెలీదు. మాకు తండ్రి సెలవు ఐదు రోజులే ఇచ్చారు, బారసాలకే అయిపోయాయి.

సీతాఫల్‌మండి చిన్నా
సెంట్రల్ గవర్నమెంట్ అయితే 15 రోజులు బ్రో.

ఓరుగల్లు అక్క
అంటే తలుపవతల పిల్ల ఆకలికి ఏడుస్తుంటే మీరు ఇంట్లోనే ఉన్నారు! అత్తా కోడళ్ళ గొడవ అని మా అందరి చేతా తీర్పు చెప్పించుకుంటున్నారా?

కూకట్‌పల్లి నాన్న
అక్కా, నేను ఉద్యోగం చేయకపోతే ఇంటి ఈఎంఐ ఎవరు కడతారు? సాయం అడిగితే అందరూ నా మీద పడుతున్నారు.

పిల్లల వార్డు
పడటం లేదండీ. రేపు డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు మీ అమ్మగారినీ వెంటబెట్టుకెళ్ళండి. ఏది ఎందుకు వద్దో ఆవిడ తన చెవులతో వినాలి. ఇన్నాళ్ళూ అందరూ ఆవిడకి ఆర్డర్లు వేశారు తప్ప ఎవరూ కూర్చోబెట్టి చెప్పినట్టు లేదు.

కూకట్‌పల్లి నాన్న
రేపు రివ్యూ మీటింగ్ ఉంది. శనివారం తీసుకెళ్తాను.

అమ్మమ్మ కబుర్లు
శనివారం దాకా పిల్లకి ఆకలి ఆగదు నాయనా. ఆ మీటింగు ఎన్నింటికి?

కూకట్‌పల్లి నాన్న
మూడుకి. మార్చమని అడిగి చూస్తాను.