పల్సర్ 150 వెనక టైరు: పాత సైజే వేయించాలా, 110కి మారాలా?

బండి పల్సర్ 150, సింగిల్ డిస్క్. వెనక టైరు 100/90-17 (వెడల్పు 100 మిల్లీమీటర్లు, టైరు పక్క గోడ ఎత్తు అందులో 90 శాతం, రిమ్ 17 అంగుళాలు) ట్యూబ్‌లెస్, పక్కన 1219 అని ఉంది, అంటే 2019లో 12వ వారం, మార్చిలో తయారైంది. 31 వేల కిలోమీటర్లు తిరిగింది.

పది రోజుల క్రితం మేకు దిగింది. మధ్యలో దిగినా బాగుండేది, సరిగ్గా అంచు దగ్గర, సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) మొదలయ్యే చోట దిగింది. మొదట స్ట్రిప్ (బయటి నుంచి రంధ్రంలోకి దూర్చే రబ్బరు పట్టీ) వేయించాను. రాత్రి 32 పీఎస్ఐ కొట్టిస్తే తెల్లారేసరికి 20. తర్వాత టైరు విప్పించి లోపలి నుంచి మష్రూమ్ ప్యాచ్ (పుట్టగొడుగు ఆకారంలో ఉండే అతుకు) వేయించాను, రెండు రోజులు ఆగి మళ్లీ అదే వరస. సబ్బు నీళ్లు పోసి చూస్తే ప్యాచ్ చుట్టూ సన్నగా బుడగలు. వాల్వ్ దగ్గర, రిమ్ అంచున ఏమీ లేదు. ట్యూబ్ వేసి నడిపించమన్నాడు పంక్చర్ అతను. ఇంత పాత టైరుకి ఆ ఖర్చెందుకని ఊరుకున్నాను.

కొత్తది కొనడం ఖాయం. షాపులో మాత్రం 110/80-17 వేయించుకోమంటున్నారు, గ్రిప్ బాగుంటుందట. లెక్క వేస్తే చక్రం మొత్తం ఎత్తులో 4 మిల్లీమీటర్లే తేడా, కాబట్టి స్పీడోమీటర్ గురించి బెంగ లేదు. నా టెన్షన్ అంతా వెడల్పుతోనే: చైన్‌కి తగులుతుందేమో, మైలేజీ పడిపోతుందేమో. రోజూ 40 కిలోమీటర్లు, సగం దూరం వెనక మనిషి ఉంటారు.

ఇదే బండికి, పాత రిమ్ మీదే 110/80 వేయించినవాళ్లు చెప్పండి: చైన్‌కి తగలకుండా సరిపోయిందా?