నల్ల ట్రే వంగపండు రంగులో వస్తోంది, బ్లాక్ లెవెల్ తీసేశాక కూడా

చెరువుగట్టు:
మాది ఆకివీడు పక్కన. రొయ్యల చెరువులో చెక్ ట్రే పైకి లేపినప్పుడు మేత ఎంత మిగిలిందో చూడ్డానికి రాస్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటరుకి కెమెరా పెట్టుకున్నాను. మొన్న వానకి పాత కెమెరా ఓవీ5647 తడిసి పోయింది, ఐఎంఎక్స్219 తెచ్చాను. రా ఫైలును, అంటే సెన్సర్ ఇచ్చే ముడి అంకెల్ని, నా పైథాన్ కోడ్‌తోనే ఫొటోగా మారుస్తాను. పగలు బానే ఉంది. రాత్రి టార్చి వెలుగులో తీస్తే నల్ల ట్రే వంగపండు రంగు. మేత ఏదో నీడ ఏదో తెలియట్లేదు. రంగులు సరిచేసే వైట్ బ్యాలెన్స్‌తో రెండు రాత్రులు కుస్తీ పట్టాను. బ్లాక్ లెవెల్, అంటే పూర్తి చీకట్లోనూ సెన్సర్ చూపే అంకె, 16 తీసేస్తూనే ఉన్నానండి, మర్చిపోలేదు. లెన్సు మురికి అంటాడు మా బావ.

కాలవ లాకు:
లెన్సు మూసి ఒక రా తీయండి. సగటు ఎంత?

చెరువుగట్టు:
నల్ల టేపు అంటించి తీశాను. అన్ని రంగుల్లోనూ 64 దగ్గరే. పిక్సెళ్లు 61, 66 అలా ఊగుతున్నాయి.

కాలవ లాకు:
అదండీ సంగతి. 16 పాత కెమెరా లెక్క. కొత్తదానికి 64, రెండూ 10 బిట్లే (0 నుంచి 1023 దాకా) అయినా. పట్టుబడి రోజు కాటా మీద క్రేటు బరువు తీసేస్తాం కదా, మీరు కొత్త క్రేటు వాడుతూ పాత క్రేటు బరువు తీస్తున్నారు. 48 మిగిలిపోయింది. దాన్ని వైట్ బ్యాలెన్స్ ఎరుపులో 1.8తో, నీలంలో 1.5తో హెచ్చించిందనుకోండి, 86, 72 అవుతాయి, ఆకుపచ్చ 48 దగ్గరే ఉంటుంది. వంగపండు రాక ఇంకేమొస్తుంది! పగలు విలువలు వందల్లో ఉంటాయి కాబట్టి తెలియదు.

ఆ 64 సెన్సర్‌లో కావాలనే కలుపుతారు. నాయిస్, అంటే పిక్సెల్ విలువల్లో వచ్చే చిన్న తేడా, పైకీ కిందకీ ఊగుతుంది, సున్నా దగ్గర కింది సగం తెగిపోతే చీకటి సగటు పెరిగిపోతుంది. రాస్‌బెర్రీ పై వాళ్ల కెమెరా ట్యూనింగ్ ఫైల్లో 4096 అని ఉంటే కంగారు పడకండి, ఇదే 64ని 16 బిట్లలో (64 రెట్లు చేసి) రాశారంతే.

చెరువుగట్టు:
64 పెట్టాను, రంగు పోయింది. ఇప్పుడు ట్రే మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు!

లంక మామిడి:
పైథాన్‌లో యుఇంట్16 అనే అంకెల రకంలో తీసేశారా? అందులో మైనస్‌లు ఉండవు బాబూ. 61లోంచి 64 తీస్తే 65533 అయి కూర్చుంటుంది. ముందు మైనస్‌లు పట్టే ఇంట్32కి మార్చండి. మైనస్‌లు వస్తే వెంటనే సున్నా చేసేయొద్దు, నాలుగు ఫ్రేముల సగటు వేశాక చేయండి.

చెరువుగట్టు:
ఆయ్, అదేనండి. మేత గింజలు లెక్కపెట్టేలా కనిపిస్తున్నాయి. మిగులు కాస్త ఎక్కువే ఉంది, పొద్దున మేత తగ్గించాలి. టేపు పీకినప్పుడు లెన్సు మురికి కూడా పోయింది, అందుకే బాగుపడిందంటున్నాడు మా బావ.